మైకులో చదివిన డబ్బు

ఇన్‌కం టాక్సు పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నా దగ్గర కూర్చుని రెండే ప్రశ్నలు అడుగుతారు. ఫీజు ఎంత చెప్పాలి, ఆఫీసరును ఎట్లా మెత్తబరచాలి. రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి గానీ అవి టీ కొట్టు దగ్గర చెప్పుకునేవి, అచ్చులో వేసేవి కావు. ఇక్కడ రాస్తున్నది వాళ్ళెవరూ అడగని మూడో సంగతి.

నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు మేడమీద నా ఆఫీసు ఉండేది. యూరియా వాసనకు ఫైళ్ళకు చెదలు పట్టేవి కావు. గోడకున్న క్యాలెండరు మాత్రం ఆ గాలికి ఏపుగా పెరిగి, ప్రతి ఏడూ నెల ముందే డిసెంబరుకు వచ్చేసేది. నమ్మకపోతే మీ ఇష్టం, ఆఫీసర్లు నమ్మారు. రిటర్ను ఆలస్యమైనప్పుడు అదే చెప్పేవాణ్ణి.

యాభై రెండేళ్ళకే దుకాణం కట్టేశాను. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో చెప్పాను. ఆ మెట్లు నిటారుగా ఉండే మాట నిజమే. అసలు కారణం చివర్లో వస్తుంది.

ముగ్గురు అత్తగార్లు

మన వృత్తి ఏమిటో ముందు తెలుసుకోండి. పుస్తకాల్లో దీన్ని చట్టం అంటారు. నేను చూసినంతవరకు ఇది కథలు చెప్పడం. కథకు కింద సంతకం ఉంటే చట్టం, లేకపోతే కథ.

మాచర్లలో ఒక బండల వ్యాపారి ఉండేవాడు. ఒక ఏడు ఆయన దగ్గర లెక్కకు అందని డబ్బు తేలింది. ఎక్కడిదని ఆఫీసరు అడిగితే అత్తగారు కానుకగా ఇచ్చిందని రాయించాను. ఆమెకు గేదెలు, పాడి, వేలిముద్ర అన్నీ చూపించాను. మరుసటేడు మళ్ళీ తేలింది. ఈసారి పెళ్ళాం పెద్దమ్మ ఇచ్చింది. మూడో ఏడు, చిన్నప్పుడు పెళ్ళాన్ని ఎత్తుకుని పెంచిన పిన్నమ్మ ఇచ్చింది. ఆఫీసరు కళ్ళజోడు తీసి నా మొహం చూశాడు.

"ఏమయ్యా, మీ పార్టీకి అసలు ఎంతమంది అత్తలు?"

"పల్నాటి పక్క ఆడపిల్లను ఊరంతా కలిసి పెంచుతారండీ. ఊరంతా అత్తలే."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు నేను పుట్టించిన వాళ్ళు. ఒకామెకు నేను పెట్టిన పేరు ఇప్పటికీ నాకు ఇష్టం. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎవరూ ఇవ్వని కానుకను మూడేళ్ళు వరసగా సర్కారు చేత నమ్మించినవాణ్ణి నేను.

గురువుగారి సూత్రం

నాకు పని నేర్పినాయన వెంకటప్పయ్య గారు. గుంటూరులో ప్రాక్టీసు. కోటు తొడుక్కుని పంచె కట్టేవారు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఒకసారి సత్తెనపల్లి రైతు ఒకాయన్ని ఆఫీసరు ముందు కూర్చోబెట్టాం. ఆఫీసరు ఊరికే మాట కలుపుతూ, "ఎద్దులెన్నయ్యా?" అన్నాడు. రైతు ఉబ్బిపోయి, "ఎద్దులు రెండేనండీ, లారీలు మూడు" అన్నాడు. ఆ లారీల మాట అప్పటిదాకా మాకే తెలియదు.

బయటికొచ్చాక గురువుగారు నాతో అన్నారు. "అడిగినదానికి చెప్పు. అడగనిది నోట్లోనే ఉంచుకో. ఈ వృత్తికి ఇంతకుమించిన శాస్త్రం లేదు."

పాతికేళ్ళు ఆ మాట మీదే అన్నం తిన్నాను. ఆఫీసర్ల ముందు అంత మంచి సూత్రం ఇంకోటి లేదు. స్నేహితుల దగ్గర అది విషం. గురువుగారు ఆ రెండో ముక్క నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మైకు లెక్క

ఏసోబు నాతో మిషను బడిలో చదివాడు. నేను లెక్కల్లో ముందుంటే, వాడు ప్రార్థన చదవడంలో ముందుండేవాడు. గొంతు అట్లాంటిది. పెద్దయ్యాక మైకు సెట్టు కొన్నాడు. కోలాంబీలనే రెండు పెద్ద గరాటు స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, వాటిని మోసే ఒక రిక్షా. పేటలో ఏసోబు "హలో, హలో" అంటే కోటప్పకొండ దగ్గర మేస్తున్న గేదెలు తలెత్తేవి. ఒకసారి గాలి అటు మళ్ళినప్పుడు కొండవీడు కోట గోడలు వాడి మాటను పట్టుకుని, పెళ్ళికి పిలవకపోయినా నూట పదహార్లు తిరిగి చదివాయని చెప్పుకుంటారు. చెప్పింది నేనే.

వాడి అసలు గిరాకీ పాటలకు కాదు, చదివింపులకు. మా వైపు పెళ్ళిలో ఎవరేం కట్నం చదివించారో మైకులో ఊరంతటికీ వినిపించాలి. ఫలానా ఊరి వాస్తవ్యులు ఫలానా వారు, ఐదు వందల పదహార్లు. పేరు చదివేటప్పుడు ఆ మనిషి తల కాస్త పైకి లేస్తుంది. అందుకని కొందరు వేదిక పక్కకొచ్చి వాడి చెవిలో అనేవాళ్ళు. "ఏసోబూ, వెయ్యిన్నూట పదహార్లని చదువు. సంచిలో రెండొందలు వేశాలే."

ఏసోబు అట్లాగే చదివేవాడు. పిల్ల తండ్రికీ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. రేపు తిరిగి పెట్టేటప్పుడు సంచిలో పడినంతే పెడతారు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు. దీన్ని మా ఊళ్ళో అబద్ధమనరు. మైకు లెక్క అంటారు. సంచి లెక్క వేరు.

మైకు లెక్కా సంచి లెక్కా వేరని తెలియనివాడు మా ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. సర్కారు.

పన్ను లేదు

తాలూకాలు తీసేసి మండలాలు పెట్టిన కొత్తలో ఏసోబుకు ఆయాసం మొదలైంది. నిచ్చెనెక్కి కోలాంబీ కట్టేవాడు సగంలో ఆగిపోయేవాడు. గుంటూరులో చూపిస్తే గుండెలో వాల్వు చెడిందన్నారు. కొత్తది వేయాలి, హైదరాబాదులో సర్కారు ఆసుపత్రికి పొమ్మన్నారు. ఆపరేషను ఉచితం. వాల్వు ఖరీదు మాత్రం మామూలు మనిషి జన్మలో చూడనంత. పేదవాడైతే అదీ సర్కారే ఇస్తుంది. పేదవాడని మండలాఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్టు తేవాలి. ఏసోబు ఇంట్లో రెండు రూపాయల బియ్యం కార్డు ఉంది, ఇల్లు అద్దెది. దరఖాస్తు పెట్టాడు. వస్తుందనే అన్నారు.

దారి ఖర్చు, రక్తం, అక్కడ నెలా రెణ్నెల్లు కాపురం, ఇక్కడ పిల్లల తిండి, వీటికి నాలుగు డబ్బులు కావాలి. హమాలీలు, రిక్షా వాళ్ళు చందాలు మొదలుపెట్టారు. అప్పుడు రామకోటయ్య దిగాడు.

రామకోటయ్య చిలకలూరిపేట రోడ్డులో పత్తి మిల్లు ఓనరు. నా చేత లెక్కలు రాయించుకునే పార్టీల్లో అందరికన్నా పెద్దవాడు. మండలం ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. మెట్లెక్కి నా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"ఏమయ్యా నాగేశ్వర్రావు, ఏసోబు మన పెళ్ళిళ్ళన్నిట్లో చదివాడు గదా. వాడికోసం మనమే చదివింపులు పెడితే? వాడి మైకే, వాడి కోలాంబీలే. ఊరు ఊరంతా వొస్తది."

"మంచిదేనండీ."

"నేను ఐదు వేలు చదివిస్తా. మిల్లు లెక్కలో రాస్తే నాకు పన్ను తగ్గుద్దా?"

"తగ్గదండీ. గుర్తింపున్న సంస్థకిస్తే తగ్గుద్ది. మనిషికిస్తే తగ్గదు."

"పోనీలే. గిఫ్టు టాక్సని ఏదో ఉందే?"

"అది పెద్ద మొత్తాలకు, ఇచ్చేవాడి మీద. మీకు రాదు."

"మరి ఏసోబుకు పడుద్దా? పాపం రోగిష్ఠోడు."

"స్నేహంతో ఇచ్చింది ఆదాయం కాదు. వాడి మీద ఒక్క పైసా పన్ను పడదు."

"అయితే బ్రహ్మాండం" అని లేచాడు.

నా జవాబుల్లో ఒక్కటీ తప్పు లేదు. అప్పటి చట్టం మీద ఈ రోజు సుప్రీంకోర్టు ముందు నిలబెట్టినా అవే చెబుతాను. అడిగింది పన్ను, చెప్పింది పన్ను. వాడి కార్డు సంగతి, ఆదాయం సర్టిఫికెట్టు సంగతి ఎవరూ అడగలేదు.

మైకు వద్దన్నది ఒక్క మనిషి. ఏసోబు భార్య మార్తమ్మ. నేను చెప్పడానికి వెళ్తే బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది.

"మైకెందుకన్నయ్యా? ఇచ్చేది చేతికియ్యొచ్చుగా. చేతికి చెవులుండవు."

"ఊరికి ఉత్సాహం వస్తదమ్మా."

"ఊరికి వస్తది. మాకేం వస్తదో చూద్దాం."

కోలాంబీ కింద

ఆదివారం సాయంత్రం మార్కెట్ యార్డులో చదివింపులు పెట్టారు. ఏసోబుకు కూర్చునే ఓపిక లేక ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను వాడి మంచం పట్టె మీద కూర్చున్నాను. యార్డులో చదువుతున్నది రామకోటయ్య తమ్ముడు. ఏసోబు కోలాంబీలు కాబట్టి మాట కిటికీలోంచి స్పష్టంగా వస్తోంది.

"చింతలపాలెం వాస్తవ్యులు శ్రీ సాంబయ్య గారు, వెయ్యిన్నూట పదహార్లు."

ఏసోబు కళ్ళు మూసుకుని అన్నాడు. "ఒరేయ్ నాగేశూ, అది వెయ్యి గొంతు కాదురా. వంద గొంతు."

"నీకెట్టా తెలుసురా?"

"డబ్బు సంచిలో పడితే చదివేవోడు ముందు సంచి చూసి, ఆ తర్వాత చదువుతాడు. మధ్యలో చిన్న సందుంటది. పడకపోతే సందుండదు. ఇను."

విన్నాను. ఆ తర్వాత చాలా పేర్లకు సందు లేదు. ఏసోబు ఒక్కొక్కటే చెబుతున్నాడు. ఇది యాభై. ఇది వట్టిది. ఇది వట్టిదే, పైగా బాకీ ఉన్నాడు. మధ్యలో ఒకచోట సందు వచ్చింది. "హమాలీ కోటేశు, ఇరవై రూపాయలు."

"అది నిజం" అన్నాడు ఏసోబు. దగ్గొచ్చి ఆగాడు. "ఆడికి ఇంట్లో ఇరవై ఉండవురా. ఎక్కడ తెచ్చాడో."

"శ్రీ రామకోటయ్య గారు, ఐదు వేల నూట పదహార్లు." చప్పట్లు వినిపించాయి. ఏసోబు నవ్వాడు. మార్తమ్మ గుమ్మంలోంచి అంది. "సందుందా?"

"మైకు నాది గదే. బాగా పలికింది."

ఆ సాయంత్రం మైకులో మొత్తం ముప్పై వేల పైచిలుకు పలికింది. మార్తమ్మ చేతికి నాలుగు వేల చిల్లర వచ్చింది. అందులో ఎక్కువ భాగం చిన్న నోట్లు. పేపర్లో రామకోటయ్య ఫొటో వేసి, కళాకారుడికి ముప్పై వేల విరాళం అని రాశారు.

నిజాయితీ గల ఆఫీసరు

పాత తాలూకా ఆఫీసులోనైతే గుమాస్తాకు పదో పరకో ఇస్తే సర్టిఫికెట్టు ఏనాడో వచ్చేది. కొత్త మండలానికి ఎమ్మార్వోగా వచ్చినాయన కుర్రవాడు. టీ కూడా సొంత డబ్బులతో తాగేవాడు. సర్కారు ఉద్యోగాల్లో నేను చూసిన నలుగురైదుగురు నిజాయితీపరుల్లో ఆయన ఒకడు. మనిషిని చంపడానికి లంచగొండి అక్కర్లేదని నాకు తెలిసింది ఆయన దగ్గరే.

పేపరు ముక్క ఆయన బల్ల మీద ఉంది.

"ముప్పై వేలు చేతిలో ఉన్న కుటుంబాన్ని పేద కుటుంబమని ఎట్లా రాయమంటారు?"

"ముప్పై వేలు మైకులో ఉన్నాయి సార్. చేతిలో లేవు. అవి కానుకలు, ఆదాయం కూడా కాదు."

"అది మీ టాక్సు చట్టంలో. నా సర్క్యులర్లో కుటుంబానికి వచ్చింది ఎంతని ఉంది. ఆ వాల్వులు లెక్కపెట్టి ఇస్తారు. ఇతనికి తప్పు సర్టిఫికెట్టిస్తే ఇంకో పేదవాడిది లాక్కున్నట్టు కాదా?"

ఆయన మాటలో తప్పు లేదు. పేపరు ముక్క మడిచి ఆయనే మెత్తగా అన్నాడు. "నాలుగు వేలు వైద్యానికొచ్చి వైద్యానికే పోయిందంటే నేను పట్టించుకోను. మిగతాది ఇవ్వలేదని చదివించినవాళ్ళ చేత రాయించి తెండి. అదే రోజు సంతకం పెడతా."

కార్డు విచారణలో ఉందని ఈలోపు రేషను డీలరు బియ్యం కూడా ఆపాడు. మార్తమ్మ ఖాళీ సంచితో మా మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యా, మైకులో పోసిన బియ్యం ఎసట్లో ఎట్టా పోస్తారో చెప్పు. నువ్వు చదువుకున్నోడివి గదా."

సంతకాలు

ఇవ్వలేదని ఒక్క కాగితం. అంతే కావాల్సింది. పుట్టని అత్తగార్ల చేత వేలిముద్రలు వేయించినవాణ్ణి, బతికున్న మనుషుల చేత ఒక నిజం రాయించలేనా అనుకున్నాను. పేటంతా తిరిగాను. అందరూ నా పార్టీలే, నా కాగితాల మీద కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేవాళ్ళే.

సాంబయ్య కాగితం చదివి వెనక్కి నెట్టాడు. "మిగతాది ఇవ్వనని ఎవరన్నారు? పత్తి అమ్మితే ఇస్తా. ఇవ్వలేదని రాయమంటే ఎట్టా? ఇస్తానని రాసుకో, పెడతా."

ఆ మాట ఎమ్మార్వోకు చెబితే, "రావలసిన డబ్బు కూడా ఉన్నట్టే గదండీ" అన్నాడు.

ఇంకో ఆయన, "నా వియ్యంకుడు ఆ రోజు యార్డులో ఉన్నాడయ్యా. నువ్వు నా పరువుకు సర్టిఫికెట్టు ఇస్తావా?" అన్నాడు. ఒకాయన కాఫీ ఇచ్చాడు, కొడుకు పెళ్ళి కార్డు ఇచ్చాడు, సంతకం ఇవ్వలేదు.

రామకోటయ్య తలుపేసి చెప్పాడు. "ఆ ఐదు వేలు మిల్లు లెక్కలో కూలీ ఖర్చు కింద రాసేశాం. ఇవ్వలేదని రాస్తే మీ ఇన్‌కం టాక్సోడు నా మీద పడడా? ఆ లెక్క చూసేది నువ్వేగా." అంతలోనే మొహం వెలిగించుకున్నాడు. "అప్పని రాద్దాం. అప్పు ఆదాయం కాదుగా?"

"కాదు."

"మేమంతా ఏసోబుకు అప్పిచ్చినట్టు ప్రోనోట్లు రాయించు. మా పరువూ ఉంటది, వాడి పనీ అయిద్ది."

చెప్పుకోవాలి, అది మంచి ఉపాయం. తిరిగి కట్టాల్సిన డబ్బును ఎమ్మార్వో రాబడి అనలేడు. నాకే తట్టనందుకు సిగ్గుపడ్డాను. ఏసోబు దగ్గరికెళ్ళి చెప్పాను. వాడు గోడకానుకుని ఉన్నాడు. అప్పటికి పడుకుంటే ఊపిరాడటం లేదు.

"రాని డబ్బుకు నోటు రాయాలా?"

"ఊరికే రా. ఎవరూ అడగరు."

"నాగేశూ, నేను ఈ ఊరి పెళ్ళిళ్ళు పాతికేళ్ళు చదివాను. వీళ్ళు ఇవ్వటం మర్చిపోతారుగానీ వసూలు మర్చిపోరు. రేపు నేను పోతే ఆ నోట్లు మార్త మీదికొస్తయ్యి." దమ్ము తీసుకున్నాడు. "పేదోడినని కాగితం తెచ్చుకోటానికి అప్పులోణ్ణి కావాలా? పోయి రిక్షా పిలువు. నా యాంప్లిఫయరు తెమ్మను."

ముట్టినవి

మరునాడు పొద్దున సంత రోజు. ఏసోబు ఇంటి అరుగు మీద యాంప్లిఫయరు పెట్టించాడు. కోలాంబీలు బజారువైపు తిప్పించాడు. మార్తమ్మ ముట్టిన డబ్బు ఎవరిదో నోటికి చెబుతుంటే వాడు చదివాడు. ఆయాసం వల్ల ప్రతి పేరుకూ ముందు సందు వచ్చింది.

"హమాలీ కోటేశు, ఇరవై రూపాయలు, ముట్టినవి. టీ కొట్టు రంగమ్మ, ఐదు రూపాయలు, ముట్టినవి. రిక్షా మస్తాను, రెండు రూపాయలు, ముట్టినవి. సాంబయ్య గారు, వంద, ముట్టినవి."

ఎవరినీ తిట్టలేదు. ఇవ్వనివాళ్ళ పేరు ఎత్తలేదు. ముట్టినవి చదివి, ఇంతే, అందరికీ వందనాలు అని ఆపాడు. సంతలో బేరాలు నిలిచిపోయాయి. పెద్ద పేర్ల కోసం జనం ఇంకా చెవులొగ్గి నిలబడే ఉన్నారు. ఆ పేర్లు రాలేదు.

నేను తిన్నగా ఎమ్మార్వో దగ్గరికి వెళ్ళాను. "మొదటి మైకు సాక్ష్యమైతే రెండోదీ సాక్ష్యమే గదండీ. ఊరంతా వింది. నాదీ ముట్టిందని ఒక్కడూ వచ్చి ఎదురు చెప్పలేదు."

ఆయన ఇన్‌స్పెక్టరును పంపి విచారించి, నాలుగో రోజు సంతకం పెట్టాడు. నిజాయితీపరుడితో ఉన్న సుఖం అదొక్కటి. తాను తప్పని తేలితే ఒప్పుకుంటాడు. కానీ దరఖాస్తు నుంచి సంతకానికి మధ్య ఒక వానాకాలం, ఒక చలికాలం పోయాయి.

హైదరాబాదులో వాల్వు వేశారు. ముందే రావలసింది, గుండె ఉబ్బిపోయింది అన్నాడు డాక్టరు. ఏసోబు బతికి తిరిగొచ్చాడు. దగ్గర కూర్చుంటే లోపల కొత్త వాల్వు టిక్కు టిక్కుమనడం వినిపించేది. "చూశావా నాగేశూ, నా లోపల కూడా ఒకడు చదువుతుండాడు. వీడు మాత్రం సంచి చూసి చదువుతాడు" అనేవాడు.

ఆ తర్వాత పేటలో ఎవరూ పెళ్ళికి ఏసోబు మైకును పిలవలేదు. సత్తెనపల్లి నుంచి వేరే సెట్టు తెప్పించుకునేవారు. మా పెద్దమ్మాయి పెళ్ళికి నేను వాడినే పెట్టాను. చదివింపుల వేళకు నా పార్టీలు ఒక్కొక్కరే వచ్చి కవరు నా చేతిలో పెట్టి, "చదివించొద్దులే" అని పక్కకు తప్పుకున్నారు. ఏసోబు మైకు ముందు కుర్చీలో గంటసేపు కూర్చుని, చదవడానికి ఏమీ లేక, తీగలు చుట్టుకున్నాడు. నాలుగేళ్ళలో కోలాంబీలు, యాంప్లిఫయరు అమ్ముకుని తిన్నారు. ఆ తర్వాత వాల్వుకు రోజూ వేసుకోవలసిన మాత్రలు వేసుకోవడం మానేశాడట. కొనలేక అని మార్తమ్మ నాకు తర్వాత చెప్పింది.

కొత్తవాళ్ళకు

జబ్బు చేసిన స్నేహితుడికి డబ్బు పోగు చేస్తాం, పన్ను పడుతుందా అని మీ దగ్గరికి ఎవరైనా వస్తారు. ఇప్పటి చట్టం చూసి జవాబు చెప్పండి, అది రెండు నిమిషాల పని. ఆ తర్వాత కూర్చోబెట్టి మీరే అడగండి. ఆ మనిషికి ఏ కార్డుంది, ఏ సహాయానికి దరఖాస్తు పెట్టాడు, దానికి ఏ పరిమితి ఉంది. వీలైతే డబ్బు ఆసుపత్రికే కట్టమనండి, మందుల కొట్టుకే కట్టమనండి. రసీదు రోగి ఇంట్లో ఉంచమనండి. ముట్టినంతవరకే మాట్లాడమనండి. మైకు పెడతామంటే మెట్లు దిగమనండి.

మా గురువుగారి సూత్రం ఆఫీసరు గది గడప దగ్గర వదిలేసి రండి. ఇంటికి తెచ్చుకోవద్దు.

ఏసోబు పోయిన వారానికి మార్కెట్ యార్డులో సంతాప సభ పెట్టారు. రామకోటయ్య అప్పటికి పదవిలో ఉన్నాడు. సత్తెనపల్లి మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఏసోబు కుటుంబానికి నా తరఫున ఐదు వేల నూట పదహార్లు" అన్నాడు. సందు లేదు.

మార్తమ్మ ముందు వరసలోంచి లేచి వేదిక దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది. గొంతు పెంచలేదు గానీ మైకు దగ్గరగా ఉండటంతో ఊరంతా వింది.

"ముట్టజెప్పండయ్యా. ముట్టినాక నేనే చదువుతా."

రామకోటయ్య జేబులు తడుముకుని, సంచి కారులో ఉందమ్మా అన్నాడు. జనం కారు వైపు చూశారు. తర్వాత ఎవరో ప్రార్థన ఎత్తుకున్నారు, సభ అయిపోయింది. కారు వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆయన ఫైళ్ళన్నీ మూటగట్టి మిల్లుకు పంపించాను. ఆయన నా దగ్గర్నుంచి పోతే ఆయన వెంట సగం పేట పార్టీలు పోయాయి. నేను దుకాణం కట్టేసింది అందుకు. ధర్మాగ్రహమని అనుకోవద్దు, మెట్లు కూడా నిటారుగానే ఉండేవి.

నెల తర్వాత మార్తమ్మ వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టడానికి మండలాఫీసుకు వెళ్ళింది. తోడుగా వెళ్ళి వెనక నిలబడ్డాను. పాత ఎమ్మార్వో బదిలీ అయిపోయాడు. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"మొన్న సభలో ఐదు వేలు ఇచ్చారు గదమ్మా. మైకులో విన్నాం."

మార్తమ్మ కొంగు సర్దుకుంది. "విన్నది నువ్వు నాయనా. నాకు ముట్టలేదు."

గుమాస్తా ఆమెనే చూస్తున్నాడు. నా వైపు చూడలేదు, నన్ను ఏమీ అడగలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.